సంచి ఒక పూట పని, కుక్క ఆర్నెల్ల పని

(కుక్కల్ని పెంచుకునేవాళ్ల కోసం జరిగిన ఒక సమావేశంలో ఓ పశువైద్యుడు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్లు అడిగితే రికార్డింగ్ విని టైప్ చేశాం. అక్కడక్కడా తడబాట్లు తీసేశాం. మిగతాదంతా ఆయన మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వినిపిస్తోందా? సరే.

ముందుగా ఒక మాట. ఈ బల్ల పక్కన గుడ్డ కప్పిన పెట్టె ఒకటుంది. నేను వచ్చినప్పటినుంచి పిల్లలు దాని చుట్టూ తిరుగుతున్నారు. బాబూ, నిన్నే, కాసేపు దాని జోలికి వెళ్లకు. దాని సంగతి చివర్లో చూద్దాం.

నన్ను పిలిచినవాళ్లు ఏమన్నారంటే, “డాక్టర్ గారూ, తుఫాను వచ్చినా వరద వచ్చినా కుక్క కోసం సంచిలో ఏమేం పెట్టుకోవాలో ఓ లిస్టు చెప్పండి చాలు” అన్నారు. చెప్తాను. అది చెప్పడానికి అయిదు నిమిషాలు పడుతుంది. మీరు సర్దుకోవడానికి ఒక పూట పడుతుంది. కానీ నేను చూసినంతలో సంచి లేక ఇబ్బందిపడ్డ కుక్కలు తక్కువ. సంచి ఉంది, కారుంది, వెళ్లడానికి చోటుంది, కుక్క మాత్రం మంచం కిందనుంచి రాదు. ఎక్కువగా జరిగేది ఇదీ. అందుకని నేను సంచి గురించి తక్కువ, మంచం కింద కుక్క గురించి ఎక్కువ మాట్లాడతాను.

వేరేవాళ్ల కథ ఎందుకు? నా కథే ఉంది. నేను అప్పటికి తొమ్మిదేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. మా ఇంట్లో జిమ్మీ అని ఒక కుక్క ఉండేది. ఎంత మెత్తనిదంటే పిల్లలు చెవులు పట్టుకుని లాగినా కళ్లు మూసుకుని పడుకునేది. ఒకరాత్రి రెండున్నరకి వరద నీళ్లు గేటు దాటాయి. అప్పటికే కరెంటు లేదు. మా ఆవిడ కాగితాలూ మందులూ తీసుకుని అమ్మని కారెక్కించింది. నాకు మిగిలిన పని ఒక్కటే, జిమ్మీని తీసుకురావడం. అది మంచం కింద, గోడ మూలకి నక్కి ఉంది. టార్చి వేస్తే కళ్లు రెండూ పచ్చగా మెరుస్తున్నాయి. పిలిచాను. బిస్కట్ చూపించాను. గదిలోకి అప్పటికే బొటనవేలు మునిగేంత నీళ్లొచ్చాయి. ఆ నీళ్లలోనే బోర్లా పడుకుని చెయ్యి చాపి మెడపట్టీ పట్టుకుని లాగాను. కరిచింది. ఇదిగో, ఈ మచ్చ అదే. ఇంకోసారి లాగితే మెడపట్టీ తలమీదుగా ఊడి నా చేతికొచ్చింది. కుక్క అక్కడే ఉంది.

ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. చివరికి దుప్పటి వేసి మూటలా చుట్టి ఎత్తుకొచ్చాను. ఈలోపు నీళ్లు పెరిగి కారు స్టార్ట్ కాలేదు. మోకాళ్లు దాటిన నీళ్లలో, ఆ చీకట్లో, మా అమ్మని నడిపించుకుంటూ వెళ్లాం. ఆవిడకి అప్పటికి డెబ్బై రెండేళ్లు.

ఇప్పుడు చెప్పండి, తప్పెవరిది? జిమ్మీదా? దానికేం తెలుసు పాపం. క్రేట్, అంటే కుక్కని పెట్టి తీసుకెళ్లే బోనులాంటి పెట్టె, మా ఇంట్లోనే ఉంది. ఎక్కడుంది? అటకమీద, మడతపెట్టి, ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా ఉంది. రోజూ పదిమందికి “కుక్కకి క్రేట్ అలవాటు చెయ్యండమ్మా” అని చెప్పే డాక్టరు ఇల్లది. నవ్వండి, ఫరవాలేదు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

సరే. అసలు కుక్క కోసం ఇంత ఆలోచించాలా, మనుషుల ప్రాణాలు ముందు కదా అనేవాళ్లుంటారు. మీలో లేకపోవచ్చు, మీ చుట్టాల్లో ఉంటారు. వాళ్లకి చెప్పడానికి రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి.

2005 ఆగస్టులో అమెరికాలో కత్రినా తుఫాను వచ్చింది. న్యూ ఆర్లీన్స్ నగరం మునిగింది. బస్సుల్లోనూ సహాయ శిబిరాల్లోనూ చాలాచోట్ల జంతువుల్ని రానివ్వలేదు. ఏమైంది? కుక్కని వదిలి వెళ్లలేక ఇళ్లలోనే ఉండిపోయినవాళ్లు ఎందరో. ఉండిపోయి ప్రాణం మీదకి తెచ్చుకున్నారు. వాళ్లని వెతకడానికి మళ్లీ పడవలు, మళ్లీ మనుషులు. దాంతో మరుసటి ఏడాది, 2006లో, అక్కడ చట్టమే చేశారు. విపత్తు సాయం కోసం కేంద్రం నుంచి డబ్బు కావాలంటే, రాష్ట్రాలు తమ తరలింపు ప్రణాళికల్లో పెంపుడు జంతువుల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని. కుక్కమీద జాలితో చేసిన చట్టం అనుకుంటున్నారా? మనిషిని ఇంట్లోంచి కదిలించాలంటే కుక్కని కూడా కదిలించాలని అనుభవంమీద తెలిసొచ్చి చేసిన చట్టమది.

రెండోది జపాన్. 2011 మార్చిలో భూకంపం, సునామీ, ఆ తర్వాత ఫుకుషిమా అణు కేంద్రంలో ప్రమాదం. చుట్టూ 20 కిలోమీటర్ల మేర జనాన్ని ఖాళీ చేయించారు. చాలామంది రెండు మూడు రోజుల్లో తిరిగొస్తామనుకున్నారు. కుక్కని కట్టేసి, తిండీ నీళ్లూ పెట్టి వెళ్లారు. ఆ రెండు మూడు రోజులు ఎన్నాళ్లయ్యాయో మీకు తెలుసు. కొందరు ఇప్పటికీ వెళ్లలేదు. ఆ తర్వాత 2013లో జపాన్ పర్యావరణ శాఖ మార్గదర్శకాలు తెచ్చింది. వెళ్లేటప్పుడు మీ జంతువుని మీతోనే తీసుకెళ్లండి అని.

ఇక్కడొక మెలిక ఉంది, వినండి. మీతో తీసుకెళ్లండి అన్నారుగానీ, శిబిరంలో మీ పక్కనే పడుకోబెట్టుకోండి అనలేదు. మనుషులకి ఒక గది, జంతువులకి ఇంకో చోటు. ఎక్కడైనా దాదాపు అంతే. ఎలర్జీ ఉన్నవాళ్లుంటారు, పసిపిల్లలుంటారు, కుక్కంటే భయపడేవాళ్లుంటారు. అంటే మీ కుక్క రాత్రంతా క్రేట్‌లో, పక్కన ఇంకో పది కుక్కలు మొరుగుతుండగా, మీరు కనిపించకుండా ఉండాలి. జీవితంలో మొదటిసారి క్రేట్ ఎక్కడం ఆ రాత్రే అయితే దాని గతేంటి?

అందుకే క్రేట్ దగ్గర మొదలుపెడదాం. కొందరు “పాపం, బోనులో పెట్టడమేంటండీ” అంటారు. బోను అని మనం అనుకుంటాం. అలవాటైన కుక్కకి అది సొంత గది. లోపల నిలబడగలగాలి, ఒక చుట్టు తిరగగలగాలి, కాళ్లు చాపుకుని పడుకోగలగాలి. అంతకంటే మరీ పెద్దది అక్కర్లేదు. ఈ రోజు ఇంటికెళ్లాక దాన్ని దించండి. తలుపు ఊడదీసి పక్కన పెట్టేయండి. మొదటి వారం ఆ క్రేట్‌కి తలుపే ఉండకూడదు. హాల్లో, మీరు కూర్చునే చోట పెట్టి, లోపల దాని పాత దుప్పటి వేయండి. అన్నం గిన్నె మొదట గుమ్మం దగ్గర. రెండురోజుల తర్వాత కాస్త లోపలికి. ఇంకో రెండురోజులకి చివరికి. తనంతట తను వెళ్లాలి. వెనకనుంచి తోయొద్దు, దయచేసి తోయొద్దు. ఒక్కసారి తోశారంటే రెండువారాలు వెనక్కి పోతారు.

లోపలికి హాయిగా వెళ్లి వస్తోంది అన్నాక తలుపు పెట్టండి. తింటున్నంతసేపు వేసి, తినడం కాగానే తీయండి. తర్వాత రెండు నిమిషాలు, పది నిమిషాలు, అరగంట. క్రేట్‌ని ఎప్పుడూ శిక్షగా వాడొద్దు. చెప్పు కొరికిందని అందులో పడేశారనుకోండి, ఇంతవరకూ చేసిందంతా బూడిదలో పోసినట్టే. ఇదంతా కొన్ని కుక్కలకి మూడు వారాల్లో అయిపోతుంది. కొన్నిటికి నాలుగు నెలలు. వీధిలోంచి తెచ్చుకున్నవి, ఎక్కడో బంధించి ఉంచితే పారిపోయి వచ్చినవి, వాటికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆర్నెల్లని నేను ఊరికే అనలేదు.

క్రేట్ తర్వాత హార్నెస్. జిమ్మీ మెడపట్టీ నా చేతికొచ్చిందని చెప్పాను కదా. బెదిరిన కుక్క వెనక్కి లాగుతుంది, తల ఊపుతుంది, మెడపట్టీ జారిపోతుంది. అదేమీ అరుదు కాదు, తప్పిపోయిన కుక్కల్లో చాలావాటి కథ అక్కడే మొదలవుతుంది. ఛాతీకి చుట్టుకునే హార్నెస్ వాడండి. మెడపట్టీ కూడా ఉండనివ్వండి, దానికి మీ నంబరు ఉంటుంది. రెండు వేళ్లు దూరేంత వదులు, అంతే.

మూతిబుట్ట. మజిల్ అంటారే, అది. మా కుక్క కరవదండీ అని మీరందరూ అంటారు. నేనూ అన్నాను. నొప్పి, భయం కలిస్తే ఏ కుక్కయినా కరుస్తుంది. కొన్ని బస్సుల్లో, శిబిరాల్లో మూతిబుట్ట ఉంటేనే రానిస్తారు కూడా. మూతిని బిగించేసే గుడ్డ పట్టీ కొనొద్దు, దాంతో కుక్క నోరు తెరిచి వగర్చలేదు. వగర్చలేకపోతే ఒళ్లు చల్లబడదు. బుట్టలాంటిది తీసుకోండి, అందులో నాలుక చాపొచ్చు, నీళ్లు తాగొచ్చు. అడుగున కాస్త తిండి పూసి, అదే మూతి పెట్టేలా రోజూ ఓ నిమిషం ఆడించండి.

ఇవన్నీ వచ్చాక ఏం చేయాలి? రిహార్సల్. మధ్యాహ్నం పూట కాదు. రాత్రిపూట, లైట్లు తీసేసి, చేతిలో టార్చితో, ఒంటిమీద రెయిన్‌కోటుతో. ఎందుకంటే ఆ రోజు మీరు అలాగే ఉంటారు కాబట్టి. కుక్కకి మీరు వేరే ఆకారంలా కనిపిస్తారు. టోపీ పెట్టుకున్న మనిషిని చూసి మొరిగే కుక్కలున్నాయి కదా మీ ఇళ్లలో? మరి రెయిన్‌కోటులో మిమ్మల్ని చూసి ఏం చేస్తుందో ఇప్పుడే తెలుసుకోవాలి. టైం చూసుకోండి. పిలవడం దగ్గరనుంచి క్రేట్ తలుపు పడేదాకా ఎంతసేపు? మా ఇంట్లో మొదటిసారి పదకొండు నిమిషాలు. ఇప్పుడు నలభై సెకన్లు. అలాగే మంచం కింద ఖాళీని అట్టపెట్టెలతో మూసేయండి. దాక్కునే చోటు లేకుండా చేయడం కాదు, చేయి అందని చోటు లేకుండా చేయడం. వార్నింగ్ వచ్చిన రోజైతే ఇంకా చీకటి పడకముందే కుక్కని ఒక గదిలోకి తెచ్చేసుకోండి. వెతుక్కునే పనుండదు.

ఇక గుర్తింపు సంగతి. మైక్రోచిప్ అంటే చాలామంది జీపీఎస్ అనుకుంటారు. “ఫోన్‌లో ఎక్కడుందో కనిపిస్తుందా డాక్టర్ గారూ” అని అడుగుతారు. కనిపించదు. అది బియ్యపు గింజంత ఉంటుంది, అందులో బ్యాటరీ ఉండదు. భుజాల మధ్య చర్మం కింద వేస్తాం. స్కానర్ దగ్గరపెడితే ఒక నంబరు వస్తుంది, సాధారణంగా 15 అంకెలు. అంతే. ఆ నంబరు ఎదురుగా రిజిస్ట్రీలో మీ ఫోన్ నంబరు ఉంటేనే దానికి విలువ. చిప్ వేయించి, నమోదు మర్చిపోయినవాళ్లని చూశాను. నమోదు చేసి, ఆ తర్వాత సిమ్ మార్చేసినవాళ్లని ఇంకా ఎక్కువమందిని చూశాను. ఇక్కడ ఎంతమందికి చిప్ ఉంది, చేతులెత్తండి. బాగుంది. అందులో ఎంతమంది ఈ ఏడాది ఆ నంబరు సరిచూసుకున్నారు? చూశారా, చేతులన్నీ ఎలా దిగిపోయాయో!

ఫోటో తీసుకోండి. కుక్కది ఒక్కదానిదే కాదు, మీరూ అదీ కలిసి ఉన్నది. తప్పిపోయి ఎవరో చేరదీసి, “మీదేనని ఏంటి సాక్ష్యం” అన్నప్పుడు అదే పనికొస్తుంది. మచ్చలు, తోక, చెవులు విడిగా తీసుకోండి. మెడ బిళ్లమీద మీ నంబరుతోపాటు వేరే ఊళ్లో ఉన్న చుట్టం నంబరు కూడా రాయించండి. మీ ఊరు మునిగితే మీ ఫోనూ మునుగుతుంది కదా!

టీకాల గురించి నేను డాక్టర్ని కాబట్టి రెండు నిమిషాలు ఎక్కువ తీసుకుంటాను. రేబిస్ అందరికీ తెలుసు. డిస్టెంపర్, పార్వో, ఇవి కుక్కలు గుంపుగా ఉన్నచోట అంటుకునేవి, శిబిరం అంటే అదే కదా. అందరూ మర్చిపోయేది లెప్టోస్పైరోసిస్. ఎలుకల మూత్రం నుంచి నీళ్లలోకి వస్తుంది. వరద నీళ్లు అంటే ఎలుకల బొరియలన్నీ కడిగి తెచ్చిన నీళ్లు. కుక్క ఆ నీళ్లు తాగక్కర్లేదు, కాలిమీద గీసుకున్న చోటునుంచి కూడా లోపలికి పోతుంది. కిడ్నీలు, కాలేయం దెబ్బతింటాయి. కుక్కనుంచి మనకీ రావచ్చు. దీనికి టీకా ఉంది. మొదటిసారి రెండు డోసులు, మధ్యలో రెండునుంచి నాలుగు వారాలు, తర్వాత ఏటా ఒకటి. అంటే తుఫాను వస్తోందని టీవీలో చూసి నా దగ్గరికి పరిగెత్తుకొస్తే నేనేం చేయలేను. వానాకాలానికి ముందే రావాలి. కరిచిన సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా. మీ కుక్కే కరిచినా సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద, 15 నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్లండి. పదిహేను నిమిషాలంటే గడియారం చూసుకుని పదిహేను.

సరే, సంచి. నీళ్లు: పది కిలోల కుక్కకి రోజుకి మామూలుగా అర లీటరునుంచి 600 మిల్లీలీటర్లు కావాలి. వేడిలో, టెన్షన్‌లో ఇంకా ఎక్కువ తాగుతుంది. వారానికి లెక్కేసుకోండి. తిండి కూడా వారానికి, వీలైతే రెండువారాలకి, గాలి చొరని డబ్బాలో. రోజూ తినేదే పెట్టండి. ఉన్నట్టుండి తిండి మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి, శిబిరంలో మీకు అది వద్దు, నన్ను నమ్మండి. రోజూ మందులు వాడే కుక్కైతే రెండువారాల మందులు. టీకా పుస్తకం జెరాక్స్, ప్లాస్టిక్ కవర్లో. గిన్నె, అదనంగా ఒక తాడు, మలం ఎత్తే కవర్లు, తువ్వాళ్లు. ఒక వస్తువు మాత్రం ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. మీరు కట్టి విడిచిన, ఉతకని పాత టీషర్టు. క్రేట్‌లో వేస్తే మీ వాసనతో అది కాస్త నెమ్మదిస్తుంది. తప్పిపోతే వెతకడానికీ పనికొస్తుంది. సంచిని గుమ్మం దగ్గర పెట్టి, ఆర్నెల్లకోసారి తిండీ మందులూ మార్చండి. మనుషుల నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రోఫెన్, కుక్కకి వేయొద్దు. సంచి అయిపోయింది. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఇప్పుడు ఉరుముల సంగతి. మనిషి చెవికి 20 వేల హెర్ట్జ్ దాకా వినిపిస్తే కుక్కకి 40 వేలు దాటి వినిపిస్తుంది. దానికి మనకంటే ముందే తెలుస్తుంది, మనకంటే ఎక్కువ తెలుస్తుంది. ఉరిమినప్పుడు దాన్ని దగ్గరకి తీసుకోవద్దు, తీసుకుంటే భయం అలవాటవుతుంది అని ఒక మాట ప్రచారంలో ఉంది. అలాంటిదేం లేదు. భయం అనేది మారాం కాదు, ముద్దు చేస్తే పెరగడానికి. మీ ఒళ్లో తల పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి. మీరు మాత్రం నెమ్మదిగా ఉండండి. మరీ వణికిపోయే కుక్కలకి మందులున్నాయి, డాక్టర్ని అడగండి. కానీ మొదటి మోతాదు తుఫాను రాత్రి వేయొద్దు. మామూలు రోజున వేసి, ఎంత మగతగా ఉంటుందో, నడవగలదో లేదో చూసుకోవాలి. నీళ్లలో నడవాల్సిన రాత్రి కుక్క తూలుతుంటే ఎలా?

తుఫాను గురించి ఇంకొక్కటి. గాలి హోరెత్తి, హోరెత్తి, ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆకాశం కూడా తేరుకుంటుంది. అప్పుడు అందరూ ఏం చేస్తారు? కుక్క పొద్దున్నుంచి మూత్రానికి వెళ్లలేదని తలుపు తీస్తారు. అది తుఫాను కన్ను. కొద్ది నిమిషాలు ఉండొచ్చు, ఇంకాసేపు ఉండొచ్చు, ఆ తర్వాత ఎదురు దిక్కునుంచి మళ్లీ అంత గాలీ వస్తుంది. అధికారికంగా తుఫాను దాటిపోయిందనేదాకా తలుపు తీయొద్దు. బాత్రూంలో పాత పేపర్లమీద వెళ్లడం ముందే అలవాటు చేస్తే ఈ గొడవే ఉండదు. భూకంపమైతే పద్ధతి వేరు. ఊగుతున్నప్పుడు కుక్కని గట్టిగా పట్టుకోవద్దు, మిమ్మల్ని మీరు కాపాడుకోండి, దాని మానాన దాన్ని దాక్కోనివ్వండి. ఆగాక తాడు కట్టి బయటికి తీసుకురండి.

వీటన్నిటికంటే నాకు భయం దేనికంటే, ఎండకి. తుఫానుకి పేరు పెడతారు, టీవీలో చూపిస్తారు. వడగాలికి ఎవరూ సంచి సర్దరు. మా క్లినిక్‌కి వచ్చి, బల్లమీద పెట్టేసరికే చేజారిపోయిన కుక్కల్లో ఎక్కువ వడదెబ్బవే. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల దగ్గర కాస్త, అంతే. మిగతాదంతా నాలుక చాపి వగర్చడంమీదే. పగ్, బుల్‌డాగ్‌లాంటి చప్పిడి మూతి కుక్కలకి అదీ సరిగ్గా సాగదు. కుక్క ఒంటి వేడి మామూలుగా 38.3నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. అంటే మనకి జ్వరమనిపించేది దానికి ఆరోగ్యం. 41 దాటిందంటే ప్రమాదం. ముందు నోరు బాగా తెరిచి వగరుస్తుంది, జొల్లు చిక్కగా తీగలు సాగుతుంది, చిగుళ్లు ఎర్రగా కందిపోతాయి. తర్వాత తూలుతుంది, వాంతి, పడిపోవడం.

అప్పుడేం చేస్తారు? అందరూ కారెక్కించి ఆస్పత్రికి పరిగెత్తుకొస్తారు. వద్దు. ముందు చల్లబరచండి, తర్వాత బయల్దేరండి. నీడకి తెచ్చి, కుళాయి నీళ్లు ఒళ్లంతా పోస్తూనే ఉండండి, ఫ్యాన్ పెట్టండి లేదా విసరండి. తడి తువ్వాలు కప్పి వదిలేయొద్దు, కాసేపటికి అదే వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది. స్పృహ లేని కుక్క నోట్లో నీళ్లు పోయొద్దు. ఒకరు డాక్టరుకి ఫోన్ చేయండి, ఇంకొకరు నీళ్లు ఆపొద్దు.

కారులో వదలడం గురించి చెప్పాల్సిన పని లేదనుకుంటాను, అయినా చెప్తాను. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో కొలిచి చూశారు. బయట 22 డిగ్రీలున్న రోజున కూడా గంటలో కారు లోపల 47 దాకా వెళ్లింది. పెరిగిన వేడిలో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే. కిటికీ అద్దం కాస్త దించినా పెద్దగా తేడా లేదు. అందుకని ఊరు ఖాళీ చేసి వెళ్తూ, దారిలో అయిదు నిమిషాలే కదా అని ఆపారనుకోండి, ఒకరు కారులోనే ఏసీతో ఉండాలి. అలాగే రోడ్డుమీద అరచేతి వెనకవైపు ఆనించి ఏడు లెక్కపెట్టండి. మీరు ఉంచలేకపోతే కుక్క నడవలేదు.

ఒక కష్టమైన మాట. తీసుకెళ్లలేని పరిస్థితి వస్తే? పడవవాళ్లు ససేమిరా ఎక్కించుకోమన్నారు. మీరు వెళ్లక తప్పదు. అప్పుడు కట్టేయొద్దు. దయచేసి, దయచేసి గొలుసు తీసేయండి. వరద తగ్గాక నేను వెళ్లిన ఇళ్లలో, గొలుసు ఎంత పొడవుందో అంతవరకే ఈదిన కుక్కల్ని చూశాను. దాని గురించి ఇంతకంటే చెప్పను. పై అంతస్తులో, గది తలుపులు తెరిచి, తిండి, నీళ్లు ఒకటికి నాలుగు గిన్నెల్లో పెట్టండి. ఇంటి తలుపుమీద పెద్ద అక్షరాలతో “లోపల కుక్క ఉంది”, ఎన్ని ఉన్నాయో, మీ నంబరు, తేదీ రాయండి. తీసుకెళ్లిపోతే మాత్రం “తీసుకెళ్లాం” అని రాయండి, పాపం సహాయానికి వచ్చినవాళ్లు ఉత్తపుణ్యానికి ఖాళీ ఇల్లు వెతుకుతారు. అసలు అంతదాకా రాకుండా, ఏ శిబిరం జంతువుల్ని రానిస్తుంది, ఏ చుట్టం రానిస్తాడు అని ఈ వారమే ఫోన్ చేసి అడగండి. “మా కుక్కతో వస్తే ఫరవాలేదా” అని. కొందరు నసుగుతారు. ఇప్పుడే నసిగితే మంచిది.

తిరిగొచ్చాక కూడా తాడు విప్పొద్దు. ఇల్లు మీకు కళ్లతో గుర్తు, కుక్కకి ముక్కుతో గుర్తు. బురద పట్టిన ఇంట్లో దాని వాసనలన్నీ పోతాయి, దానికది కొత్త చోటు. పైగా తెగిన కరెంటు తీగలు, గాజు పెంకులు, వస్తువుల కింద దూరిన పాములు. మీరు ముందు చూసి, తర్వాత దాన్ని రానివ్వండి. నీళ్లలో తడిసిన కుక్కని మంచినీళ్లతో, సబ్బుతో కడిగి, వేళ్ల మధ్య చూడండి. తర్వాత కొన్ని వారాలు చిరాకుగా ఉండొచ్చు, ఇంట్లో మూత్రం పోయొచ్చు. కొట్టొద్దు.

ఇక ప్రశ్నలు. అమ్మా, మీరు అడగండి. తప్పిపోతే ఎలా పిలవాలి అంటున్నారు. మంచి ప్రశ్న. బెదిరిపోయిన కుక్క మీ గొంతు విని కూడా పారిపోవచ్చు. గుర్తుపట్టక కాదు, ఆ క్షణంలో దానికి పరిగెత్తడం తప్ప ఏమీ తోచదు. వెంటపడొద్దు. కనిపించగానే కింద కూర్చోండి, పక్కకి తిరిగి, దానివైపు చూడకుండా. చేతిలో తిండి ఉంచుకుని నిదానంగా మాట్లాడుతూ ఉండండి. ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు. చాలాసార్లు అదే వస్తుంది. రాకపోతే ఆ పాత టీషర్టు, తిండి, నీళ్లు అక్కడే పెట్టి, రాత్రి, తెల్లవారుజామున మళ్లీ వెళ్లి చూడండి.

ఆ చివర సార్ ఏమంటున్నారు? పదమూడేళ్ల కుక్క, ఈ వయసులో నేర్చుకుంటుందా అని. నేర్చుకుంటుంది. ముసలివాటికి కీళ్లనొప్పులు, వినికిడి తగ్గుతుంది, అందుకని పిలుపు బదులు టార్చి రెండుసార్లు ఆర్పి వెలిగించడం గుర్తుగా పెట్టుకోవచ్చు. క్రేట్ గుమ్మం ఎత్తు లేకుండా చూడండి. పెద్ద కుక్కైతే ఎత్తి మోసేదెవరో ముందే అనుకోండి, దుప్పటి నాలుగు మూలలు పట్టుకుని ఇద్దరు మోయొచ్చు. అదీ ఒకసారి చేసి చూడండి. మొదటిసారి అది మీవైపు అనుమానంగా చూస్తుంది, అంతే.

సరే, టైమైపోయిందంటున్నారు. బాబూ, ఇప్పుడు రా. ఆ గుడ్డ మెల్లగా తియ్యి. మెల్లగా. గంటనుంచి మైకు, మీ నవ్వులు, కుర్చీల చప్పుడు, బయట ఆ జనరేటరు గోల. చూడు, ఎలా పడుకుందో, కాళ్లు నాలుగూ పైకి పెట్టి. దీని పేరు బుజ్జి. జిమ్మీ పోయిన ఏడాదికి వచ్చింది. తలుపు తీస్తున్నాను. ముందు వరసవాళ్లు బ్యాగుల్లో తినేవేమైనా ఉంటే కాస్త ఒళ్లో పెట్టుకోండి, ఆ విషయంలో దీనికి నేనింకా ఏమీ నేర్పలేకపోయాను.